అట్ట లోపలి కాగితం

ఆ బుధవారం ఉదయం ముకర్రమ్‌కి ముందు తన మీద తనకే ఒళ్ళు మండింది. దోమ్లా మీద మండటం ఆ తరవాత సంగతి.

బుఖారాలో పాత మదరసా గదుల్లో ఉన్న రాతప్రతుల భాండారంలో ఆమె పుస్తకాలు బాగుచేసే మనిషి. పురుగు తిన్నచోట పలచటి కాగితం అతికించడం, తెగిన కుట్టు మళ్ళీ కుట్టడం, చెమ్మకి ఉబ్బిన అట్టల్ని సాపు చెయ్యడం. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. ఆ వారం బల్ల మీదికొచ్చింది రెండు వందల ఏళ్లనాటి వైద్యగ్రంథం. జ్వరాలు, కాన్పులు, పసిపిల్లల రోగాలు. శుక్రవారం జరిగే సభలో నలుగురికీ చూపించాల్సిన పుస్తకం అదే.

ఆ గ్రంథం ఎవరు రాశారన్నది ఎవరికీ పట్టలేదు. అలాంటివి భాండారంలో ఇంకో పదహారున్నాయి. దీని గొప్పంతా అంచుల్లో ఉంది. ప్రతి పేజీ అంచునా ఎవరో గొలుసుకట్టు రాతతో, సందు లేకుండా, రచయితతో పోట్లాట పెట్టుకున్నారు. కాన్పు ఆలస్యమైతే పాము కుబుసం తొడకి కట్టాలని గ్రంథంలో ఉంటే, పక్కన: "కట్టాను. మూడు రోజులు చూశాను. అద్దకం వాళ్ల కోడలు చచ్చిపోయింది. ఇది రాసినవాడు కాన్పు చూసినవాడు కాడు. - యాఖూబ్." విరేచనాలకి దానిమ్మ తొక్క అని ఉన్నచోట: "నిజమే. కానీ రెట్టింపు వెయ్యాలి. - యాఖూబ్." ఏడిచే తల్లి పాలు విషమవుతాయన్న వాక్యం మీద అడ్డంగా గీత, కింద ఒకే మాట: "అబద్ధం."

మూడేళ్ల కిందట ఆ అంచులు చదివి ఒలిమ్‌జోన్ దోమ్లాకి వినిపించింది ముకర్రమే. దోమ్లా అంటే అక్కడ పండితుడికిచ్చే గౌరవం; ఆయన భాండారానికి పెద్ద. అచ్చులాంటి రాతైతే ఆయన గడగడా చదువుతాడు. గొలుసుకట్టు చూస్తే కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెడతాడు. ఆమెకి ఆ రాత మామ్మ నేర్పింది. సర్కారు నిషేధించిన పాత అరబ్బీ లిపి పుస్తకం ఇంట్లో ఉందంటే జనం ఇంకా వణికే రోజుల్లో, మామ్మ రొట్టెలు ఒత్తే బల్ల మీద పిండి జల్లి, వేలితో అక్షరాలు దిద్దించేది. వాకిట్లో అడుగుల చప్పుడైతే అరచేత్తో చెరిపేసి ముద్ద పెట్టి ఒత్తేసేది. అట్లా నేర్చుకున్న చదువు ఇరవై తొమ్మిదేళ్లుగా దోమ్లా వ్యాసాల్లో "నేను పరిశీలించగా" అన్న మాట కింద అచ్చవుతోంది. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు ఎప్పుడూ లేదు. "మా సిబ్బంది" అని ఉంటుంది.

"ఎవరో యాఖూబ్ అనే వైద్యుడు, దోమ్లాగారూ. చెయ్యి తిరిగినవాడిలా ఉన్నాడు," అని ఆనాడు అన్నది తనే. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన మేడ కట్టేశాడు. యాఖూబ్ తన ముత్తాత తాతగారన్నాడు. రెండు వ్యాసాలు రాశాడు. తలుపు మీది పేరు చివర "యాఖూబీ" అని కొత్త ఇత్తడి అక్షరాలు బిగించాడు. ఇప్పుడు వీధికి ఆ పేరు పెట్టిస్తున్నాడు. "మహావైద్యుడు యాఖూబ్ ఈ వీధిలో నివసించెను" అని చెక్కిన పాలరాయి ఆయన గదిలో గోడకి ఆనించి ఉంది. సభకి రాజధాని నుంచి ప్రభుత్వ శాఖ పెద్దాయన వస్తున్నాడు.

ఇంతకీ బుధవారం ఏమైందంటే, వెనకట్ట లోపల అంటించిన కాగితం చెమ్మకి లేచింది. తడిదూది పెట్టి, పాత పిండిజిగురు నానాక, ముకర్రమ్ దాన్ని మెల్లిగా ఒలిచింది. లోపలి వైపు రాత ఉంది. అదే గొలుసుకట్టు, అదే చెయ్యి. కాకపోతే ముసలి వణుకు. రాత అట్టవైపుకి పోయేలా ఎవరో కావాలనే బోర్లా తిప్పి అంటించారు.

"ఇన్నేళ్లూ ఈ పుస్తకంలో యాఖూబ్ అని రాస్తూ వచ్చాను. యాఖూబ్ నా పెద్దకొడుకు. తొమ్మిదో ఏట మశూచి వచ్చి పోయాడు. వాడు పోయినా ఇంట్లో నన్ను వాడి పేరుతోనే పిలిచారు. పురుడు పొయ్యడానికి రమ్మని వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి వాడి పేరే కేకేశారు. ఎవరు కేకేసినా ఒక్క క్షణం, వాడే వెళ్ళి తలుపు తీస్తాడనిపించేది. ఈ పుస్తకం నా గాజులమ్మి కొనుక్కున్నాను. నాలుగు వందల పదకొండు మంది పిల్లల్ని ఈ చేతుల్తో పట్టుకున్నాను. మా నాన్న నాకు పెట్టిన పేరు గులందోమ్. ఒక్కసారి రాసుకుంటున్నాను. చదివినవాళ్లు దీన్ని పైకి చదవండి."

ముకర్రమ్ పైకి చదివింది. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ చదివింది.

అప్పుడు మండింది ఒళ్లు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో మొగుడు నార్మురాద్ తనని ఒక్కసారి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పెద్దవాడు దిల్షోద్ పుట్టిన రోజు నుంచీ ఆమె కూడా దిల్షోదే. "దిల్షోద్! టీ!" అంటే కొడుకు పరిగెత్తుకొచ్చేవాడు, "దిల్షోద్! కట్టెలు కొట్టు!" అంటే తను లేచి వెళ్లేది. అత్తగారికి, ఇరుగుపొరుగుకి కూడా అంతే. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. అట్లాంటి ఊళ్ళో పుట్టి పెరిగి, కాన్పుల గురించి అంత తెలిసిన మనిషి మగాడని ఎట్లా అనుకుంది? మూడేళ్లు ఆ అంచులు చదివి ఒక్కసారైనా అనుమానం రాలేదే! ఛీ, నా చదువు తగలెయ్య, అనుకుంది.

కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని దోమ్లా గదికి వెళ్లింది.

"ఆ రాయి ఇంకా గోడకెక్కలేదుగా దోమ్లాగారూ?"

"శుక్రవారం, సభ అయ్యాక. ఏం చెల్లెమ్మా?" ఆయన అతిథుల పట్టీ రాసుకుంటూ తలెత్తలేదు.

"అయితే ఆపండి. ముందు ఇది వినండి."

చదివి వినిపించింది. ఆయన కలం మూత పెట్టాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరికైనా చూపించావా?"

"మీకే."

"మంచిపని చేశావు. ఎవరో ముసలావిడ మతి చలించి రాసుకుంది. దీన్నిబట్టి ఏమీ చెప్పలేం."

"మతి చలించిన మనిషి నాలుగు వందల పదకొండు లెక్కపెట్టుకుంటుందా?"

"మగవాడి పేరుతో ఆడది ఎట్లా రాస్తుందమ్మా? నువ్వే ఆలోచించు."

"మీ ఇంట్లో ఆవిణ్ణి ఏమని పిలుస్తారు మీరు?"

దోమ్లా మొహం ఎర్రబడింది. "అది ఇంట్లో సంగతి."

"ఇదీ ఇంట్లో సంగతే. ఆవిడ పుస్తకం ఇంట్లోనే రాసుకుంది. యాఖూబ్ తొమ్మిదేళ్లకి పోయాడు, దోమ్లాగారూ. తొమ్మిదేళ్ల పిల్లాడు మీకు ముత్తాత తాత ఎట్లా అయ్యాడో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఆ మెత్తటి గొంతంటేనే ముకర్రమ్‌కి అసహ్యం. జీతం పెంచమన్నప్పుడూ అదే గొంతు.

"ఎక్కణ్ణించి ఊడిందో అక్కడే అంటించు. రాత లోపలికి పెట్టి. వడ్రంగి దగ్గర ఎముకల జిగురు తెప్పిస్తాను, దాంతో."

"ఎముకల జిగురు పెడితే జన్మలో ఊడదు. ఊడదీస్తే పీలికలవుతుంది."

"తెలుసు."

ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన పుస్తకాల గురించి తెలుసన్న మాటల్లో నిజంగా తెలిసింది అదొక్కటే కాబోలు.

"వచ్చే ఏడు నీ పింఛను కాగితాల మీద సంతకం నాదే చెల్లెమ్మా," అన్నాడు దోమ్లా, పట్టీ మళ్ళీ దగ్గరికి లాక్కుంటూ. "శుక్రవారం పలావు కూడా మన నార్మురాద్‌కే చెప్పాను. మనవాళ్లం మనం."

ఆ సాయంత్రం ఇంట్లో ముకర్రమ్ అంతా చెప్పింది. నార్మురాద్ ఊళ్ళో పేరున్న పలావు వంటవాడు. రొట్టె ముక్క టీలో ముంచుకుంటూ విన్నాడు.

"ఎప్పుడో పోయినదాని పేరు కోసం బతికున్నవాళ్ల నోట్లో మట్టి కొడతావా? అంటించెయ్యి."

"రెండోసారి పాతెయ్యమంటావు."

"ఓసి నీ! కాగితాన్ని అంటించడం కూడా పాతెయ్యడమేనా?"

"ఏదీ, నా పేరు చెప్పు ఒకసారి."

"ఇప్పుడా?" ఆయన గుమ్మం వైపు చూశాడు. "పెళ్లప్పుడు చెప్పాగా, ఆ రిజిస్టర్ అమ్మాయి ముందు."

"ముప్పై నాలుగేళ్లయింది."

"అప్పటికీ ఇప్పటికీ మారిందేవిటి, మళ్ళీ చెప్పడానికి?" నవ్వుతూ గిన్నె ముందుకి జరిపాడు. "దిల్షోద్, ఇంకొంచెం టీ పొయ్యి."

పోసింది. గిన్నె ఎంత గట్టిగా పెట్టిందంటే సగం టీ చాప మీదికొచ్చింది.

గురువారం పొద్దున్నే బల్ల మీద ఎముకల జిగురు డబ్బా పెట్టి ఉంది. ముకర్రమ్ దాన్ని మూత తియ్యకుండా కిటికీ కింద పెట్టింది. తన పిండిజిగురు తను ఉడికించుకుంది. కాగితాన్ని సాపు చేసింది. దాన్ని అట్టకి అంటించలేదు. మొదటి పేజీకి ముందు, ఒక్క అంచు మాత్రం పట్టుకునేట్టు, తెరిస్తే తెరుచుకునేట్టు అతికించింది. పక్క పేజీలో పుస్తకాల వాళ్లు రాసుకునే పాత మొర ఉంది: "ఓ పురుగుల రాజా, ఈ పుస్తకం జోలికి రాకు." అది కూడా గులందోమ్ చేతిరాతే. పురుగులకి రాసింది గానీ దోమ్లాలకి రాయడం మర్చిపోయింది పాపం, అనుకుంది ముకర్రమ్. పుస్తకాన్ని ముఖమల్ గుడ్డలో చుట్టి ఆయన బల్ల మీద పెట్టేసి ఇంటికెళ్లింది. దోమ్లా విప్పి చూడలేదు. చెప్పిన పని చెప్పినట్టు జరగకపోవడం ఆయనకి ఆ భవనంలో ఎన్నడూ అలవాటు లేదు.

శుక్రవారం హాలు నిండింది. నిండక ఏం చేస్తుంది? వీధి కమిటీ ఇంటికొకరు చొప్పున రావాలని చెప్పింది. మగవాళ్లు పనులున్నాయని తప్పుకున్నారు. జరీపని చేసే ఆడవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, పాఠశాల ఊడ్చే ముసలమ్మ జోరాబీబీ, అందరూ తలకి మంచి రుమాళ్లు కట్టుకుని బల్లల మీద కూర్చున్నారు. బయట వాకిట్లో నార్మురాద్ పెద్ద కళాయిలో పలావు దమ్ముకి పెట్టాడు. కారట్టు, జీలకర్ర వాసన హాల్లోకి వస్తుంటే ఉపన్యాసాల మీద ఎవరికీ మనసు నిలవడం లేదు.

రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన సన్నగా, ఓపికగా ఉన్నాడు. దోమ్లా తన ముత్తాత తాత గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆయన చూపుకే రోగం భయపడేదన్నాడు. ఆ రక్తమే ఈ ఒంట్లో పారుతోందని ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. ఆఖర్న పుస్తకం తెరిచాడు.

అట్టతో పాటు ఆ కాగితం మెల్లిగా లేచి నిలబడి, పక్కకి ఒరిగింది.

దోమ్లా గుర్తుపట్టాడు. చేత్తో కప్పి పేజీ తిప్పబోయాడు. పెద్దాయన ముందుకి వంగాడు. "ఆగండాగండి. ఇదేమిటి, మొదట్లోనే? నాకీ లిపి రాదు. కాస్త చదువుతారా?"

"ఇదా... ఇది ప్రార్థన," అన్నాడు దోమ్లా. కళ్లజోడు తుడుచుకున్నాడు. తరవాత కళ్లు సగం మూసి, గొంతు సాగదీసి చదవడం మొదలుపెట్టాడు. "కరుణామయుడా, నీ దాసుడు యాఖూబ్ చేతికి స్వస్థతనియ్యి. నా వంశాన్ని, నా వంశంలో పుట్టబోయే పండితుల్ని చల్లగా చూడు..."

ముకర్రమ్ లేచి నిలబడింది. పింఛను గుర్తుంది. కానీ మనిషి తన పేరు ఒక్కసారి రాసుకున్న చోట, దాని మీద వేలు పెట్టుకుని, వీడు తన వంశం గొప్ప తను చదువుకుంటున్నాడు! ఇంక కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"అక్కడ రాసింది అది కాదు," అంది.

"చెల్లెమ్మా, కూర్చో."

"నేను చదువుతాను. పైకి చదవమని అందులోనే ఉంది."

వెళ్ళి పుస్తకం ముందు నిలబడింది. చదివింది. మాటలు మామ్మ ముందు అప్పజెప్పినట్టు తిన్నగా వచ్చాయి. తొమ్మిదో ఏడు, మశూచి, వాకిట్లో కేకలు, గాజులు, నాలుగు వందల పదకొండు. "మా నాన్న నాకు పెట్టిన పేరు గులందోమ్" దగ్గర ఆగి, ఆ పేరు ఇంకోసారి పలికింది.

దోమ్లా నవ్వడానికి ప్రయత్నించాడు.

"క్షమించాలి, ఈవిడ జిగురు రాసే మనిషి. చదువు తక్కువ. అయ్యా, మీరే చెప్పండి, ఒక ఆడమనిషిని మగవాడి పేరు పెట్టి పిలవడం లోకంలో ఎక్కడైనా ఉందా? వినడానికే విడ్డూరంగా లేదూ?"

సరిగ్గా అప్పుడు వాకిట్లోంచి తలుపు తోసుకుని నార్మురాద్ వచ్చాడు. నడుముకి తువ్వాలు, చేతిలో చిల్లుల గరిటె. లోపల పెళ్ళాం దోమ్లా ఎదురుగా నిలబడి ఏదో అంటోందని ఎవరో పరిగెత్తి చెప్పారు. మనిషికి కంగారుతో ఊపిరాడటం లేదు.

"దిల్షోద్!" అని అరిచాడు. "ఒసేయ్ దిల్షోద్! నీకు పుణ్యముంటుంది, చాలించు! బయటికి రా!"

ముకర్రమ్ అలవాటుగా తల తిప్పింది.

మూడో వరసలో జరీపని చేసే లావుపాటి ఆవిడ కిసుక్కుమంది. ఆపుకుందామని రుమాలు నోట్లో కుక్కుకుంది గానీ ఆగలేదు. పక్కావిడ అందుకుంది. అక్కణ్ణించి హాలంతా పాకింది. పెద్దాయనకి అర్థం కాలేదు. "దిల్షోద్ ఎవరు?"

"ఆవిడేనండీ!" అంది లావుపాటావిడ కళ్లు తుడుచుకుంటూ. "నేను సంజర్‌ని. ఇది షెర్‌జోద్. అదిగో, ఆ మూల రుమాలు సద్దుకుంటోందే, దోమ్లాగారి భార్య, ఆవిడ అన్వర్. గేదెలాంటి గొంతేసుకుని పొద్దున్నే పిలుస్తాడు, 'అన్వర్, నా మేజోళ్లేవీ' అని. వీధంతటికీ వినపడుద్ది!"

దోమ్లా భార్య తల వంచుకుంది. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి. ఒక్కొక్కరూ అరుస్తున్నారు: నేను అక్మల్‌ని, నేను రుస్తంబోయ్‌ని, మా అత్త చచ్చేదాకా నన్ను నోదిర్ అనే తిట్టింది. ఇంత నవ్వు ఆ మదరసా కట్టినప్పటి నుంచీ విని ఉండదు.

నవ్వనిది జోరాబీబీ ఒక్కతే. చీపురు పట్టీ పట్టీ వంగిపోయిన వేళ్లతో ముందు బల్ల పట్టుకుని లేచింది.

"మా పెద్దాడు కమోల్ పోయి పదమూడేళ్లయింది," అంది. "ఇప్పటికీ నేను కమోల్‌నే. పొద్దున నన్ను ఈ సభకి పిలవడానికొచ్చిన కమిటీ కుర్రాడు వాకిట్లోంచి 'కమోల్ బామ్మా' అని కేకేశాడు. ఆవిడెవరో రాసిందే, తలుపు తీస్తాడనిపిస్తుందని... నాకూ అనిపిస్తుందమ్మా. పొద్దున కూడా అనిపించింది."

హాల్లో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లావుపాటావిడ రుమాలు నోటి మీంచి కళ్ల మీదికి జరుపుకుంది. నార్మురాద్ గరిటె దించి, తలుపు పక్కన గోడకి ఆనుకున్నాడు.

పెద్దాయన పుస్తకాన్ని అటు తిప్పిపెట్టాడు. తరవాత దోమ్లాని అడిగాడు, మర్యాదగానే: "మీరు ఇందాక చదివిన ప్రార్థన ఎక్కడుందో కాస్త చూపిస్తారా?"

దోమ్లా పేజీలు తిప్పాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. పుస్తకం ఎంత వెతికినా అందులో ఆయన వంశం లేదు.

రాయి గోడకెక్కలేదు. అంతమాత్రాన గులందోమ్ పేరుతో ఇంకో రాయి చెక్కిస్తారని ఎవరూ అనుకోకండి; దానికి ఇంకో తీర్మానం కావాలట, రాజధానికి రాయాలట, చూస్తారట. మగపిల్లాడి పేరుకైతే మూడు వారాల్లో దొరికిన పాలరాయి, నాలుగు వందల పదకొండు మందికి పురుడు పోసిన దాని పేరుకి దొరకదు. ముకర్రమ్ పింఛను సంగతీ అంతే, చూస్తారట. కాగితాన్ని ఇంక అంటించకూడదని మాత్రం పెద్దాయన రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లాడు. పలావు అడుగంటింది. ఆడవాళ్లు అడుగుతో సహా గీకి తిన్నారు. దోమ్లా తినకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎండలో ముకర్రమ్ ఇంటిదారి పట్టింది. వెనకాల ఇరవై అడుగుల దూరంలో నార్మురాద్, భుజాన గరిటె. మట్టిగోడల వీధి, ఇళ్ల ముందు అరుగుల మీద జనం. అప్పుడే కబురు ఇళ్లన్నీ తిరిగొచ్చినట్టుంది, అందరూ చూస్తున్నారు.

"దిల్షోద్," అన్నాడు.

ఆమె ఆగలేదు.

"దిల్షోద్, ఆగవే. మోకాళ్లు నెప్పి."

రొట్టెల దుకాణం దాటింది. కుళాయి దాటింది. వెనక్కి చూడలేదు. ఆయన నడక పరుగైంది, పరుగు ఆయాసమైంది. చివరికి మలుపు దగ్గర ఎదురొచ్చి నిలబడ్డాడు. అరుగుల వైపోసారి చూశాడు. నుదుటి చెమట తువ్వాలుతో తుడుచుకున్నాడు. కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాడిలా, కూడబలుక్కుని, గొణిగాడు.

"ము... కర్రమ్."

"గట్టిగా చెప్పు," అంది ముకర్రమ్. "నాకు చెవుడు లేదు. ఈ వీధికి ఉంది."